దోమల వ్యాసం

ఇర్మెలి రోజూ కాఫీ తాగకముందే నైట్‌గౌను మీద రబ్బరు బూట్లు తొడుక్కుని సరస్సు గట్టుకు వెళ్ళి, కళ్ళు మూసుకుని గాలి వాసన చూస్తుంది. మా వారపత్రికలో వచ్చే ఆమె ప్రకృతి వ్యాసాలు అక్కడే మొదలవుతాయి. చూడనిది ఒక్క ముక్క రాయదు. నాచు రంగు గుర్తులేకపోతే మళ్ళీ అడవికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి వస్తుంది. ఒక వేసవిలో ఆ నిజాయితీయే కొంప ముంచింది. చిత్తడినేలల్లో అరుదుగా దొరికే పసుపుపచ్చని హిల్లా పళ్ళు ఎక్కడ ఏరుకుంటారో మా వైపు కన్నకూతురికి కూడా చెప్పరు. పక్కింటి తైమి చిన్నప్పటినుంచీ ఆ పళ్ళకు వెళ్ళే చిత్తడినేలను ఇర్మెలి, పిడుగు చీల్చిన పైన్ చెట్టుతో సహా వర్ణించేసింది. శనివారానికల్లా అక్కడ కార్లు బారులు తీరాయి.

“అందంగా రాయమంటే దారి కూడా చెప్పేస్తావుటే?” అని తైమి కంచె మీంచి అరిచింది. “ఇక నా ఆవిరి స్నానాలగదికి రాకు!”

“పళ్ళయిపోయాయని రాసెయ్యనా?”

“రాయి మరి!”

“అబద్ధం నావల్ల కాదే తైమీ.”

నలభై ఏళ్ళ స్నేహం పోతుందేమోనని ఇర్మెలికి నిద్ర పట్టలేదు. మరుసటి వారం ఆ చిత్తడినేల దోమల గురించి రాసింది. వాటి సన్నని పాట, చెవి వెనక వాలే మెత్తదనం, కాలరులో దూరే ఓపిక, అన్నీ నిజాలే, అన్నీ ప్రేమగానే. ఊరంతా గోక్కుంటూ చదివింది. ఆ శనివారం ఒక్క కారూ రాలేదు. తైమి మాత్రం పత్రిక పట్టుకుని గడపలోకి వచ్చింది.

“దొంగమొహమా, నాకే అక్కడికి వెళ్ళబుద్ధి కావట్లేదు!” అని మెడ గోక్కుంటూ పగలబడి నవ్వింది.

ఇప్పుడు పళ్ళకు ఇద్దరూ కలిసే వెళతారు. పళ్ళు పండే నెలంతా ఇర్మెలి పత్రికలో చేపల గురించే రాస్తుంది.