అమలాపురంలో బాలవాడి వెతుక్కుంటూ

ఎనభైల మొదట్లో నాకు అమలాపురంలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మా మూడేళ్ల సునీతను చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆ పిల్లేమో ఇంట్లో వసపిట్ట, గడప దాటితే నోరు మెదపదు. ఏదో ఒక బడిలో కుదురుకోకపోతే ఉద్యోగం వదులుకోవడమే. అందుకే శుక్రవారం పొద్దున్నే దాన్ని చంకనేసుకుని అంబాజీపేటలో బస్సెక్కాను.

కొబ్బరికాయల లారీల వెనక నత్తనడకన సాగినా అరగంటలో అమలాపురంలో దిగాం. పసిపిల్లల బడులు చూడాలని చెబితే రిక్షా ఆయన, "ఆయ్, రెండున్నాయండి. కాన్వెంటొకటి, సర్కారు బాలవాడొకటి. రూపాయిచ్చేయండి, రెండూ చూపించేత్తాను," అన్నాడు.

నా ఆశ కాన్వెంటు మీదే. అక్కడ పిల్లలు బూట్లేసుకుని ఇంగ్లీషు పద్యాలు గడగడా అప్పజెప్పారు. ముచ్చటేసింది. మేడమ్ గారు పేరడగగానే మా పిల్ల నా కుచ్చిళ్లలో దూరిపోయింది. "పేరైనా చెప్పని పిల్లని తీసుకోలేమండీ," అన్నారావిడ. మళ్లీ రిక్షా ఎక్కాను.

బాలవాడి ఒక పెంకుటింటి వసారాలో ఉంది. అక్షరాలు అడిగితే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు చెప్పారు, మిగతావాళ్లు నవ్వారు. ఇంతేనా అని ఉసూరుమన్నాను. అంతలో అన్నాల వేళై, పిల్లలంతా ఆకులేసుకుని వరసగా కూర్చున్నారు. టీచరు రత్నం గారు మాత్రం సునీతను ఏమీ అడగకుండా, గోధుమనూక ఉప్మా ఉన్న చిన్న గిన్నె, గరిటె దాని చేతికిచ్చారు.

"కొత్తగా వచ్చినోళ్ల చేత వడ్డన చేయిస్తామండీ, ఇక్కడ అలవాటు."

"అది బయట మాట్లాడదండీ," అన్నాను.

"మాటెందుకండీ, వడ్డిస్తే చాలు కదండీ!"

సునీత బిక్కుబిక్కుమంటూనే వరసలో వడ్డించుకుంటూ వెళ్లింది. చివర కూర్చున్న పిల్ల చాలని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. చుట్టాల్ని అలా వదిలేసే ఇల్లా మాది? సునీత గిన్నె చంకలో ఇరికించుకుని గరిటె ఎత్తింది.

"అయ్యో, అదేం తిండండీ! మొహమాటపడకండి, ఇంకొంచెం వేయించుకోండి!"

రత్నం గారు పడీపడీ నవ్వారు. "సోమవారం తీసుకొచ్చేయండమ్మా." నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చేసింది.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అక్కడ మా పిల్ల నేర్చుకున్న అక్షరాలు తక్కువే. అయినా నేను పొద్దున్నే నిశ్చింతగా పనికి వెళ్లగలిగింది ఆ వసారా వల్లే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. మీరూ ఇలా బడి చూడబోతుంటే పిల్లను వెంట తీసుకెళ్లండి, పద్యాల వేళకి కాదు, అన్నాల వేళకి.