ఇరవై ఒకటో రోజున లేచిపోయిన కోడి

కోడిగుడ్డుకూ టర్కీ గుడ్డుకూ సైజులో తప్ప తేడా ఉండదని నమ్మిన మనిషిని నేను. ఆ నమ్మకాన్ని మనసులోనే దాచుకున్నా బాగుండేది. పశువుల దవాఖానా కుర్చీలో కూర్చుని, నన్ను నమ్మి వచ్చిన ఒకామెకు సలహాగా ఇచ్చాను.

అది 2004. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచునున్న ఓ మండల కేంద్రంలో వెటర్నరీ అసిస్టెంటుగా చేసేవాణ్ణి. అంటే మందులివ్వడం, టీకాలు వేయడం. డాక్టరుగారికి రెండు మండలాల బాధ్యత ఉండటంతో వారంలో సగం రోజులు ‘డాక్టర్ సారు’ నేనే. బర్రెలకొచ్చే పొదుగు వాపు గురించి గంటసేపు మాట్లాడగలను. కోళ్లు పొదగడం గురించి మాత్రం నా చదువు సున్నా. అదీ గుడ్డు ఆకారంలోనే ఉంటుంది.

పక్క గూడెంలో ముత్తమ్మ నాటుకోళ్లు పెంచేది. సత్తుపల్లి నుంచి ఆమె తమ్ముడు నాలుగు టర్కీ గుడ్లు తెచ్చిచ్చాడు. గూడెంలో అంతవరకు ఎవరూ టర్కీని చూడలేదు. “నెమలి లెక్క పురి విప్పుతదట సారూ. వచ్చి చూడున్రని అందరికి చెప్పిన,” అంది సంబరంగా. తన కోడి పెట్టిన ఐదు గుడ్లతోపాటే వీటినీ పొదగేయొచ్చా అని అడిగింది.

“వెయ్యమ్మా. కోడి ఏదైనా ఇరవై ఒక్క రోజులే,” అన్నాను. తర్కం బాగానే ఉంది. టర్కీయే ఒప్పుకోలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున్నే ముత్తమ్మ ఊక పోసిన బుట్టతో దవాఖానాకు వచ్చింది.

“కోడిపిల్లలు ఐదుకు ఐదు వచ్చినయ్ సారూ. తల్లి వాటినేసుకొని దొడ్లకు పోయింది, మల్ల గంప మొఖం చూస్తలేదు. ఇవి గిట్లనే ఉన్నయ్. సచ్చినయా?”

అప్పుడు తీశాను పుస్తకం. టర్కీ ఇంక్యుబేషన్, అంటే గుడ్డులో పిల్ల తయారయ్యే కాలం, ఇరవై ఎనిమిది రోజులు. ఇంకో వారం వెచ్చదనం కావాలి.

“తప్పు నాదేనమ్మా.”

“గట్లంటే ఎట్ల సారూ? గూడెమంతా పిలుసుకున్న. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?”

దుప్పటి ముసుగేసుకుని టార్చిలైటు మీద గుడ్డు పెట్టాను. లోపలి పిల్లను ఇలా వెలుతురులో చూడటాన్ని క్యాండ్లింగ్ అంటారు. మొదటి గుడ్డులో నల్లటి నీడ కదిలింది. రెండోదాంట్లోనూ, మూడోదాంట్లోనూ, నాలుగోదాంట్లోనూ. “బతికే ఉన్నాయి!” అని ముసుగులోంచే అరిచాను. ముత్తమ్మ కూడా తల దూర్చింది. “అవ్ సారూ, తన్నుతాంది!”

బల్బు కింద పెడదామంటే కరెంటు గంట ఉంటే రెండు గంటలు పోయేది. పొదుగు మీదున్న ఇంకో కోడి కావాలి. ముత్తమ్మ బుట్ట మీద కొంగు కప్పి కూర్చుంది. నేను ఇల్లిల్లూ తిరిగి, చివరికి దవాఖానా ఎదుట చాయ్ హోటల్ నడిపే యాకూబ్ భాయ్ దొడ్లోకి వెళ్లాను. ఆయన తన కోడిని బకెట్ నీళ్లలో ముంచబోతున్నాడు. గుడ్లు లేకపోయినా ఖాళీ గంపలో మొండిగా కూర్చునే కోడికి పొదుగు మాన్పించడానికి మా వైపు చేసే వైద్యమది.

“ఆగండి భాయ్! ముంచకండి!”

“ఏంది సాబ్, కోడికేమన్న రోగమా?”

“రోగం కోడికి కాదు, నాకు,” అని మొత్తం చెప్పాను.

యాకూబ్ భాయ్ నవ్వితే బస్సొచ్చిందనుకుని జనం లేచి నిలబడేవారు. అలాంటి నవ్వు నవ్వాడు. “కోడినిస్త సాబ్. కానీ వారం దినాలు మీరు రోజూ నా హోటల్ల కూసోవాలె. గీ కథ నేను అందరికి చెప్తుంటే వినాలె.”

విన్నాను. “సారుకు ఆమ్లెట్ చెప్పకున్రి భాయ్, ఎన్ని దినాలకైతదో ఆయనకు తెల్వదు!” అని వచ్చినవాళ్లందరికీ పరిచయం చేసేవాడు. నేనూ నవ్వి, చాయ్ తాగి, వెనక్కెళ్లి గంప చూసుకుని వచ్చేవాణ్ణి.

ఇరవై ఎనిమిదో రోజున మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగోది మమ్మల్ని ఒక పూట ఏడిపించి మరీ వచ్చింది. ముత్తమ్మ వాటిని తీసుకెళ్తుంటే సగం గూడెం ఎదురొచ్చింది. టర్కీ పిల్లలకు మేత ముందున్నా తినడం తెలియదు. ఆ సంగతి నాకూ తెలియదు. “మా కోడిపిల్లల నడిమిట్ల వదిలిన సారూ, చూసి నేర్చుకున్నయ్,” అని ముత్తమ్మే నాకు పాఠం చెప్పింది. తెలియని ప్రశ్న ఎదురైతే “రేపు రామ్మా, చూసి చెబుతా” అనడం నేను నేర్చుకున్నది అక్కడే. ఇన్నేళ్లలో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

ఎనిమిది నెలలకు ముత్తమ్మ ఒక పుంజును తెచ్చి, “ఇది మీది సారూ,” అంది. నా కిరాయి ఇంట్లో చోటు లేదు. యాకూబ్ భాయ్‌కి కానుకగా ఇచ్చాను. పొంగిపోయాడు. టర్కీ పుంజు ఏ గట్టి శబ్దం విన్నా వెంటనే జవాబిస్తుంది. ఈసారి పుస్తకం ముందే చదివాను. భాయ్‌కి చెప్పడమే మరిచిపోయాను.

మర్నాడు హోటల్ నిండా జనం. భాయ్ నా ఆమ్లెట్ ముచ్చట చెప్పి తన నవ్వు నవ్వాడు. దొడ్లోంచి “గుళుగుళుగుళు!” అని జవాబొచ్చింది. ఆయన ఆగితే అదీ ఆగింది. మళ్లీ నవ్వితే అదీ మళ్లీ అందుకుంది. జనం బెంచీల మీద పడి దొర్లారు.

“ఏంది సాబ్, గిది నన్ను ఎక్కిరిస్తాంది!”

“ఎక్కిరింత కాదు భాయ్. గుడ్డులో ఉండి వారం రోజులు మీ నవ్వే వింది. మిమ్మల్నే అబ్బాజాన్ అనుకుంటోంది.”

ఆ రోజు నుంచి యాకూబ్ భాయ్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నేను మాత్రం రోజుకో కొత్త జోకు పట్టుకుని హోటల్‌కు వెళ్లేవాణ్ణి.