సరిపోయిందిలే

నరసరావుపేటలో మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. నా తోడికోడలు ఏ కూర వండినా అరచేతిలో కాస్త వేసుకుని నాకి, కళ్ళు మూసుకుని "సరిపోయిందిలే" అనేది.

ఒక ఏడు పండుమిరపకాయ పచ్చడిలో అత్త ఉప్పు వేసిందని తెలియక నేనూ వేశాను. ఏడుపొచ్చింది. ఆమె రుచి చూసి, ఇంకో బుట్టెడు కాయలు దంచి కలిపి, "ఏడవమాకే. చుట్టాలక్కూడా సరిపోయిందిలే" అంది.

ఆ రోటి దగ్గరే అడిగాను. "అక్కా, మళ్ళీ మొదట్నుంచీ బతకమంటే ఏం మార్చుకుంటావు?"

నేనైతే మొగుడితో మొదలుపెట్టేదాన్ని. ఆమె చేతిలో పచ్చడి నాకుతూ ఆలోచించింది.

"మార్చేదేందే? సరిపోయిందిలే."

అదే అత్త, అదే చాకిరీ, తాగొచ్చే మొగుళ్ళు ఇద్దరికీ. వేరుపడి ఏళ్ళయినా నా కడుపుమంట చల్లారలేదు. మళ్ళీ పుట్టిస్తే నాకు చదువొద్దు, వేరే మొగుడూ వద్దు. ఆమె నాలుక నాకివ్వండి, నాది ఆమెకివ్వండి.