ఉల్లిపొర మూతి చేప

మా ఆయన పోయిన పదో రోజున, అమెరికాలో మేముండే నేపర్‌విల్‌లో మంచు పడింది. పెరట్లో విస్తరి వేసి, గారెలు, పాయసం, పులిహోర వడ్డించి, అందరం దూరంగా జరిగి ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాం. కాకి రాలేదు. మామూలు రోజుల్లో చెత్త డబ్బాల మీద మహాసభలు పెట్టే కాకులు ఆ రోజు ఒక్కటీ కనబడలేదు. చివరికి వెనక కుంటలోంచి ఒక కెనడా బాతు, అదే, మనిషిని చూస్తే మెడ చాచి బుసకొట్టే రకం, తాపీగా నడుచుకుంటూ వచ్చి గారెలన్నీ తినేసి, విస్తరి పక్కనే రెట్ట వేసి పోయింది.

అయ్యగారు చలికి కొంకర్లు పోతున్నారు. "బాతంటే హంస జాతే కదమ్మా, సాక్షాత్తూ బ్రహ్మగారి వాహనం, దోషం లేదు" అని తేల్చేసి వెళ్ళి హీటర్ వేసిన కార్లో కూర్చున్నారు. నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా మా ఆడపడుచుది.

ఆవిడ మా ఆయనకు చెల్లెలు, రెండు వీధుల అవతలే ఉంటుంది. పెథాలజిస్టు. పొద్దస్తమానం మైక్రోస్కోపులో ఊరి జనం రోగాలు చూసి పేర్లు పెట్టే మనిషి. అంత చదువుకున్న మనిషి కళ్ళు తుడుచుకుంటూ, "అన్నయ్యకి ఏదో కోరిక మిగిలిపోయింది వదినా, అందుకే ముట్టలేదు" అంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పక్కన వణుకుతూ నిలబడ్డ మా అమ్మాయి వంక తిరిగి, "నీ పెళ్ళి చూడకుండానే వెళ్ళిపోయాడమ్మా. ఇంకేం కోరికుంటుంది!" అంది.

మా అమ్మాయిది జెర్సీ సిటీలో ఉద్యోగం. ముప్పై దాటింది. పెళ్ళి మాటెత్తితే "ఐ విల్ ఫిగర్ ఇట్ అవుట్ అమ్మా" అని ఫోన్ పెట్టేసే పిల్ల, ఆ రోజు మాత్రం తల వంచుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా మా ప్రతి ఫోన్లోనూ ఎక్కడో ఒకచోట ఆ రాని కాకి వచ్చి వాలేది. "అమ్మా, నాన్న నా వల్ల సాడ్‌గా వెళ్ళాడా?" లేదే పిచ్చిదానా అంటే, "మరి క్రో ఎందుకు రాలే?" అనేది. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, కాలేజీలో స్టాటిస్టిక్స్ వెలగబెట్టిన పిల్ల! చేపంటే ప్రాణం పెట్టేది కాస్తా చేప తినడమే మానేసింది. తండ్రీ కూతుళ్ళు కూర్చుని తినే కూర కదా, ఒక్కతే తినబుద్ధి కావట్లేదంది.

నాకు కాకుల మీద నమ్మకం లేదు. మా ఆడపడుచు మీద అంతకన్నా లేదు. కానీ ఒకసారి బుర్రలో దూరిన కాకిని లాజిక్‌తో తోలలేం. ఎలాగోలా నిజం కాకినే తెచ్చి పిల్ల ముందు నిలబెట్టాలి.

మా ఆయనకి నిజంగా కోరికంటూ ఒకటి మిగిలి ఉంటే అదేమిటో నాకు తెలుసు. అది అమ్మాయి పెళ్ళి కాదు, ఆ మాటకొస్తే నేనూ కాదు. క్రాపీ చేప. అరచెయ్యంత వెడల్పు, వెండి ఒంటి మీద నల్ల ఇంకు చిలకరించినట్టు మచ్చలు, ఇంతింత కళ్ళు. మంచు కరిగి చెరువులు తెరుచుకోగానే అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరతాయి. ఆ నాలుగు వారాలూ మా ఆయన ఇంట్లో ఉండి కూడా ఉండేవాడు కాదు. చేపలు పట్టడం ఆయన పని, తప్పులు పట్టడం నా పని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని లెండి, జీతమే దానికి. ఆయన పోయిన వారం కూడా గాలం కర్రలు గరాజ్ తలుపు దగ్గర నిలబెట్టే ఉన్నాయి. పెళ్ళికొడుకు ముస్తాబై కూర్చున్నాక పెళ్ళి ఆగిపోయినట్టయింది.

మా వైపు పెద్దలకు పెట్టేటప్పుడు పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అదే పెడతారు. మా మామగారికి చుట్ట పెట్టేవాళ్ళు. మా తాతకి కల్లు ముంత పెట్టేవాళ్ళు, పిట్ట తాగలేనిది మా బాబాయిలు తాగేవాళ్ళు. మరి అమెరికా వచ్చేసరికి మాకేం పొయ్యేకాలమో, అయ్యగారు ఈమెయిల్లో పంపిన మెనూ చూసుకుని గారెలు వండి కూర్చున్నాం. ఆయన జన్మలో గారెని ఇష్టంగా తిన్నది లేదు. నేను కాకినైనా వచ్చేదాన్ని కాదు.

ఈ ఏడాది తిథి ఏప్రిల్ మొదటివారంలో పడింది. ఆడపడుచుకి ఫోన్ చేసి, "ఈసారి క్రాపీ పులుసు పెడుతున్నా" అన్నాను.

"నాన్‌వెజ్జా! అయ్యగారు ఏమంటారు వదినా?"

"అయ్యగారి తంతు పొద్దున్న. మన తంతు మధ్యాహ్నం."

"పోనీ ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ రోహు దొరుకుతుందిగా."

"ఐసుగడ్డ చేప పెడితే మీ అన్నయ్య లేచొచ్చి మరీ తిడతాడు" అని ఫోన్ పెట్టేశాను.

చెప్పడమైతే చెప్పేశాను. గాలం ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు. తిథికి ముందురోజు పొద్దున్నే అమ్మాయి విమానం దిగి ఇంటికి వచ్చేసరికి నేను చింతపండు నానబెట్టి, మెంతులూ జీలకర్రా వేయించి పొడి కొట్టి, ఉల్లిపాయ ముద్ద కూడా నూరి పెట్టాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అమ్మాయి ఆ గిన్నెల వంకా నా వంకా చూసి, "అమ్మా, ఆర్ యూ సీరియస్? నీకు ఫిషింగ్ లైసెన్స్ ఉందా అసలు?" అంది. ఆన్‌లైన్‌లో తీసుకున్నా, నీకూ తీశాను, పద అన్నాను. అది నవ్వలేదు. ఏడాదిగా దానికి నవ్వు అరుదైపోయింది.

నా చలి కోటు మీద మంకీ క్యాప్, దాని మీద శాలువా. అమ్మాయికి వాళ్ళ నాన్న జాకెట్ వేశాను. చెరువు దగ్గర జనమంతా చెక్క రేవు మీద నిలబడి లోతు నీళ్ళలోకి గాలాలు విసురుతున్నారు. అమ్మాయి అటే నడవబోయింది. "అక్కడ కాదు, ఉత్తరపు మూలకి పద" అన్నాను.

నాకు ఎలా తెలుసనా? ఇరవై ఏళ్ళుగా భోజనాల దగ్గర వేరే టాపిక్ ఎక్కడిది! నేను విననట్టే సీరియల్ చూసేదాన్ని. చెవులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఎండ ముందు పడేది ఉత్తరపు ఒడ్డునే. అక్కడ అడుగు నల్లబురద అయితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. చెట్టు విరిగి నీళ్ళలో పడి ఉంటే దాని కొమ్మల్లో చూడాలి, క్రాపీలు నీడకు చేరతాయి. పొద్దున్నే పరుగెత్తకూడదు, మధ్యాహ్నం దాకా నీళ్ళని కాగనివ్వాలి. ఎర ఎప్పుడూ చేప కన్నా పైన వేలాడాలి. క్రాపీకి కళ్ళు పైకి ఉంటాయి, కిందకి చూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని మూతి ఉల్లిపొర. "లాగకూడదోయ్, ఎత్తాలి. లాగితే చినుగుతుంది" అనేవాడు. చేప గురించి చెప్పేటప్పుడు ఎంత మెత్తగా మాట్లాడేవాడో! నాతో ఆ గొంతు ఎప్పుడూ వాడలేదు మహానుభావుడు.

ఉత్తరపు మూలలో విరిగిపడ్డ చెట్టు దొరికింది. చిన్నపిల్లల బల్లంత రేవు కూడా ఒకటి ఉంది. మొదటి విసురు కొమ్మకు తగులుకుంది. రెండోది నా మంకీ క్యాప్‌ని పట్టుకుపోయింది. ఎర చేపపిల్లని కొక్కేనికి గుచ్చడానికి అమ్మాయి ససేమిరా అంది. "యూ డూ ఇట్, నువ్వు రొయ్యలు వలుస్తావు కదా!" అంది. గుచ్చాను. పక్కన ఒడ్డున ఒక కాకి చెత్తబుట్ట అంచు మీద కూర్చుని మా సర్కస్ చూస్తోంది. నేను పట్టించుకోలేదు. అమ్మాయి మాత్రం దాన్ని ఒకసారి చూసి చప్పున మొహం తిప్పుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

చాలాసేపు ఏం జరగలేదు. గాలం దారానికి కట్టిన బెండు నీళ్ళ మీద అలా నిలబడే ఉంది. ముక్కులు ఎర్రబడ్డాయి, వేళ్ళు కొయ్యబారాయి. ఆయన దీన్నే రిలాక్సేషన్ అనేవాడు. పోదామా అనుకుంటుండగా బెండు మునగలేదు, లేచి పక్కకి పడుకుంది.

"అమ్మా, అది పాడైంది."

"పాడవలేదే! కింద నుంచి చేప పైకొచ్చి నోట్లో పెట్టుకుంటే దారం వదులై బెండు పడుకుంటుంది. ఎత్తు!"

అది గట్టిగా లాగబోయింది. "లాగకు, ఎత్తు! ఉల్లిపొర మూతి!" అని అరిచాను. అరిచింది నేనే, మాట మాత్రం ఆయనది. అమ్మాయి బిత్తరపోయి నన్ను చూసి, మెల్లగా, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తింది. నీళ్ళలోంచి వెండి రేకులా క్రాపీ పైకి వచ్చింది.

చిన్నది. రూలు ప్రకారం వదిలేయాల్సినంత చిన్నది. అయినా ఆ మొదటి చేపను చూసి ఇద్దరం పిచ్చివాళ్ళలా గంతులేశాం. నేను కొక్కెం తీసి, ఒక్క నిమిషం రేవు మీద పెట్టి, ఫోటో తియ్యవే అన్నాను. అమ్మాయి ఫోన్ కోసం జాకెట్ జేబులు తడుముకుంటోంది. నల్లగా ఏదో నా మోకాలి పక్కనుంచి దూసుకొచ్చింది. చెత్తబుట్ట మీది కాకి! చేపని తోక దగ్గర కరుచుకుని, రెక్కలు టపటపలాడిస్తూ, బరువుకి కాస్త ఒరుగుతూ ఒడ్డుకు లంఘించింది.

"అయ్యో అయ్యో, ఆగండి!" అని దాని వెంట పడ్డాను. "ఏమిటండీ ఆ కక్కుర్తి! పచ్చిదండీ! కాస్త ఉడకనివ్వరా, పులుసు పెట్టనివ్వరా!"

గడ్డిలో ఆగి ఒకసారి నా వంక అడ్డంగా చూసి, అది తన పని చూసుకుంది.

 తిరిగి చూస్తే అమ్మాయి రేవు మీద చతికిలబడి ఉంది. "అమ్మా" అంది, "నువ్వు క్రోని అండీ అంటున్నావు."

అప్పటిదాకా నాకే తెలియదు. మా ఇంట్లో నేను అండీ అని తిట్టేది ఒక్క మనిషినే. ఆయనకి జన్మలో వంట అయ్యేదాకా ఆగడం రాలేదు. మూకుట్లో ముక్క వేగుతుండగానే చెయ్యి పెట్టేవాడు, నోరు కాల్చుకునేవాడు, ఉడికిందో లేదో చూస్తున్నా అనేవాడు. చేపల పులుసు మర్నాటికి రుచండీ, ఉంచండీ అంటే, మర్నాటికి ఎవరుంటారో ఎవరికి తెలుసోయ్ అని గిన్నె ఊడ్చేసేవాడు. చింత చచ్చినా పులుపు చావలేదు.

"నాన్న వెయిట్ చేయలేదు," అంది అమ్మాయి. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "హీ జస్ట్ కుడెంట్ వెయిట్ అమ్మా. నా వెడ్డింగ్ కాదు. ఫిష్!" నేను పక్కన కూర్చుని దాన్ని పట్టుకుని గట్టిగా ఏడ్చాను. కాకులంటే నమ్మకం లేనిదాన్ని, ఏడాది నుంచి ఒక్కసారి కూడా అలా ఏడవలేదు.

తర్వాత ఆ కొమ్మల్లోంచి పులుసుకి సరిపడా పెద్దవి దొరికాయి. అమ్మాయే ఎత్తింది అన్నీ.

మర్నాడు అయ్యగారు వెళ్ళాక ఆడపడుచుకి సంగతి చెప్పాను. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "పచ్చిదా? విస్తరి లేకుండా, మంత్రం లేకుండానా? అదెలా లెక్కలోకొస్తుంది వదినా!"

"మీ అన్నయ్య ఏనాడు విస్తరి వేసేదాకా ఆగాడే?"

ఆవిడ బుగ్గ మీది చెయ్యి దించింది. "చిన్నప్పుడు అమ్మ కూర దించకముందే చట్టిలో చెయ్యి పెట్టి కాల్చుకునేవాడు" అని గొణిగింది. ముక్కు ఎగబీల్చి, అమ్మాయి గడ్డం పట్టుకుని, "నీ పెళ్ళి నీ ఇష్టం వచ్చినప్పుడు చేసుకోమ్మా" అంది. అంతలోనే, "మరీ ఆలస్యం చెయ్యకు" అని తగిలించింది. రోగానికి పేరు పెట్టందే ఆవిడకి నిద్ర పట్టదు.

పెరట్లో విస్తరి వేసి పులుసూ అన్నం పెట్టి లోపలికి వచ్చాం. క్రాపీకి సన్న ముళ్ళు. అమ్మాయికి ఎప్పుడూ వాళ్ళ నాన్నే ఏరి పెట్టేవాడు. అది కంచం నా వైపు జరిపి, "అమ్మా, ముల్లు తీసి పెట్టవా?" అంది. ఏడాది తర్వాత చేప అడిగింది నా తల్లి. నేను ఒక్కో ముక్కా విప్పి, ముల్లు ఏరి, అన్నంలో కలిపి పెడుతుంటే అది ఆపకుండా తింటూ పోయింది. బయట విస్తరి దగ్గరికి కాకి వచ్చిందో లేదో మేమెవరం చూడలేదు.