గేటు దగ్గర సంచి తనిఖీ

మా పాప వెండి పట్టీ వాషింగ్ మెషీన్ రబ్బరు మడతలో దొరికింది. అప్పటికి పది రోజుల క్రితమే అది మా పనామె తీసిందని తేల్చేశాను. ఆఫీసు మీటింగులో కూర్చుని ఉండగానే, పనివాళ్లను లోపలికి రానిచ్చే గేటు యాప్‌లో ఆమెను బ్లాక్ చేశాను. అక్కడితో ఆగానా? 'జాగ్రత్త' అని రాసి ఆమె ఫోటో మా మణికొండ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ఆమెకు మిగతా నాలుగిళ్ల పనీ పోయింది. తొందరపాటులో నాకు నేనే సాటి.

బ్లాక్ తీసేశాను, గ్రూపులో తప్పు ఒప్పుకున్నాను, ఆ ఇళ్లవాళ్లు ఆమెను మళ్లీ పనికి పిలిచారు. అయినా అన్నం సహించలేదు. మా కింది అంతస్తులో గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సుగారు ఉంటారు. చర్చిలో గొడవపడ్డవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆవిడకు అలవాటు. నన్నూ మా పనామెనూ ఆదివారం సాయంత్రం తన ఇంటికి రమ్మన్నారు. నాకొక షరతు పెట్టారు: ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నేను నోరు విప్పకూడదు, క్షమించమని కూడా అనకూడదు.

"మీ బరువు దించుకోడానికి కాదండీ ఇది. ముందు ఆవిడ మాట వినండి," అన్నారు.

ఆమె వస్తుందో రాదో అని ఒక భయం, వస్తే ఏమంటుందో అని ఇంకో భయం. వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది, నా వైపు చూడలేదు. వాచ్‌మన్ నలుగురి ముందు వెళ్లగొట్టిన సంగతి నెమ్మదిగా చెప్పింది.

"నా బిడ్డ అడిగింది, నిజంగ తీసినవా అమ్మా అని."

నాకు ఏడుపు ఆగలేదు. ఏం చేస్తే నీ మనసు కుదుటపడుతుందని నర్సుగారు ఆమెను అడిగారు.

"పొయ్యేటప్పుడు రోజు గేటు కాడ మా సంచులు చూస్తరు. రేపు ఈ అమ్మ గూడ నా ఎంబడి వచ్చి చూపియ్యాలె."

మర్నాడు ఆమె పని ముగించుకుని వెళ్లే వేళకే నేనూ ఆఫీసుకు బయల్దేరి, గేటు దగ్గర పనివాళ్ల వరసలో ఆమె వెనక నిలబడ్డాను. పక్కనుంచి కార్లు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. తెలిసినవాళ్లు అద్దాలు దించి చూస్తున్నారు. మీరెందుకు మేడమ్ అని వాచ్‌మన్ కంగారుపడ్డాడు. జిప్పు తీశాను. లాప్‌టాప్, లంచ్ బాక్సు, పాప సాక్సు ఒకటి. ఏమీ దొంగిలించకపోయినా ఆ సాక్సును కూడా విదిలించి చూపించాను.

ఆమె అప్పుడు నా మొహంలోకి చూసింది.

"రేపు గూడ రా అమ్మా," అంది.