రెండు బొత్తాల ఒర

గురువారం పొద్దున్న మా మామయ్య పోయారు. ఆస్పత్రి నుంచి బావమరిది ఫోన్ చేసి, "నాన్న ఎల్లిపోయాడు బావా" అన్నాడు. అరగంటలో ఆ వార్త మా ట్రెక్కింగ్ గ్రూపులో కూడా పడింది. ఎవరు పెట్టారో తెలీదు. నలభై దండం బొమ్మలు వచ్చాయి. "ఎంతో సౌమ్యులు" అని ఒకాయన రాశాడు. ఆయన మా మామయ్యని చూసింది ఒక్కసారి, మా ఇంట్లో ఏదో ఫంక్షన్‌కి, అదీ భోజనాల వరసలో.

సౌమ్యత ఆయనలో మచ్చుకైనా లేదు. పోర్టులో ఓడలకి తాళ్లు కట్టే ముఠాకి సరంగుగా, అంటే పెద్దగా, పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి చాలామంది మీద చిన్నచూపు. సరిగ్గా ముడి వెయ్యడం రానివాళ్లంటే, వాన పడుతుందేమోనని ముందే గొడుగు తెరిచేవాళ్లంటే, ప్రార్థన సాగదీసే పాస్టర్లంటే ("దేవుడికి ఏరే పన్నేదేటి?"). అందరికంటే ముందు నేనంటే. మాది గోదావరి వైపు. నా ఉద్యోగం ఉక్కు సరఫరా చేసే ఒక కంపెనీలో, కంప్యూటర్ ముందు. "మా అల్లుడిది ఉక్కు కంపెనీ. ఉక్కు మాత్రం ముట్టుకోడు" అని చుట్టాలకి పరిచయం చేసేవారు. నన్ను పిలిచేది మాత్రం ఎప్పుడూ 'అల్లుడు గారూ' అనే. ఆ 'గారూ'లోనే ఉండేది ఎగతాళంతా.

ఆయన్ని తప్పుపట్టను. నేను దానికి తగ్గట్టే ఉండేవాణ్ణి.

నలభై దాటాక నాకు అడవి మీద ప్రేమ పుట్టింది. అడవి అంటే అనంతగిరి కొండలు, ఆదివారం, ఏసీ బస్సులో. మా గ్రూపులో కొండల గురించి కంటే బూట్ల గురించి ఎక్కువ మాట్లాడతారు. అందరి నడుముకీ కత్తులుండేవి. వాటితో ఎవరూ దేన్నీ కోసిన పాపాన పోలేదు. బిర్యానీ పొట్లానికున్న దారం కూడా పళ్లతోనే తెంపేవారు. అయినా కత్తి లేనివాడు వాళ్ల కంటికి ఆనేవాడు కాదు. అందుకని నెలరోజులు వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. నల్ల రంగు బ్లేడు, దాని వెనక రంపం పళ్లు, పిడిలో నిప్పు రాజేసే కడ్డీ, పిడి చివర దిక్సూచి.

మామయ్య దాన్ని అరచేతిలో పెట్టి బరువు చూశారు. బొటనవేలి గోటి మీద పదును చూశారు. "రంపం ఉంది, అగ్గిపుల్లుంది, దిక్కులు సూపించీది ఉంది. కత్తొకటే నేదు" అని తిరిగిచ్చేశారు.

దాంతో వచ్చిన ప్లాస్టిక్ ఒర నడుస్తుంటే గలగలలాడేది. తోలు ఒర ప్రత్యేకంగా కుట్టించుకుంటేనే కత్తికి గౌరవమని మా గ్రూపు పెద్ద సెలవిచ్చాడు. మనిషికి లేని గౌరవం కత్తికి ఎలా వస్తుందో నేను అడగలేదు. కంచరపాలెంలో పట్టాల పక్క సందులో బెల్టులూ సంచులూ కుట్టే పెద్దమనిషి ఉన్నాడని మామయ్యే చెప్పారు. తన చెప్పు తెగితే బాగుచేయించుకోవాలని నాతో వచ్చారు కూడా.

నేను ఫోన్‌లో బొమ్మ చూపించాను. పిడి సగం దాకా మూసే ఒర, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, రెండింటికీ నొక్కుడు బొత్తాలు, మధ్యలో నా పేరులో మొదటి అక్షరాలు అచ్చు వెయ్యాలి. ఆ పెద్దాయన కత్తిని అటూ ఇటూ తిప్పి, ఒక పట్టీ చాలని, ఇంత మూసేస్తే చేతికి అందదని నెమ్మదిగా చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన మామయ్య మొహం చూశాడు.

"ఆయన సెప్పినట్టే కుట్టీ" అన్నారు మామయ్య. "సదువుకున్నోడు."

వారం తర్వాత ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఒర అందంగా వచ్చింది. కొత్త తోలు బిగుతుగా ఉంటుందని, కాస్త తడిపి, కత్తికి నూనెగుడ్డ చుట్టి నాలుగు రోజులు అందులోనే ఉంచితే సాగుతుందని పెద్దాయన చెప్తున్నాడు. నేను నా అక్షరాలు చూసుకుంటున్నాను. అక్కడికక్కడే బెల్టుకి తగిలించుకున్నాను. పేరెందుకని మామయ్య అడిగారు, పారేసుకుంటే దొరికినోడు తెచ్చి ఇచ్చేస్తాడనా అని.

మామయ్యని స్కూటర్ వెనక ఎక్కించుకుని బయల్దేరాను. మెయిన్ రోడ్డు ఎక్కేచోట మా ముందు ఒక బైకు వెళుతోంది. నడిపేది నడివయసు మనిషి, వెనక కాలేజీ వయసు కూతురు. ఆ పిల్ల చున్నీ వెనక చక్రంలోకి పోవడం మేం చూస్తూనే ఉన్నాం. మామయ్య ఒక్క కేక పెట్టారు. అది వినిపించే లోపే ఆ పిల్ల వెనక్కి విరుచుకుపడింది. బైకు ఆగింది గానీ చున్నీ మెడకి బిగిసిపోయింది. తండ్రి గాభరాలో బైకుని ముందుకు నెడుతున్నాడు. నెట్టినకొద్దీ అది ఇంకా చుట్టుకుంటోంది.

అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. నా దగ్గర కత్తి ఉంది మరి. పై బొత్తాం విప్పాను. కింద బొత్తాం వేళ్లకి దొరకలేదు. దొరికింది. పిడి పట్టుకుని లాగితే ఒరతో పాటు నా బెల్టు పైకి వచ్చింది గానీ కత్తి రాలేదు. ఒక చేత్తో ఒర పట్టి, రెండో చేత్తో లాగాను. ఆ పిల్ల మొహం రంగు మారుతోంది. కళ్లు నా వైపే ఉన్నాయి. ఆ కళ్లు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి.

వెనక నుంచి మామయ్య నన్ను భుజంతో పక్కకి తోశారు. చొక్కా జేబులోంచి వేలంత మడతకత్తి తీశారు. మెడకీ గుడ్డకీ మధ్య రెండు వేళ్లు దూర్చి, కత్తి వీపు ఆ పిల్ల వైపు ఉంచి, ఒక్క కోత బయటికి కోశారు. పిల్ల దగ్గింది. తర్వాత ఏడ్చింది. మామయ్య కత్తి మడిచి జేబులో వేసుకుని, చక్రంలో ఇరుక్కున్న గుడ్డ తియ్యడానికి కూర్చున్నారు.

ఈలోగా నా కత్తి ఊడివచ్చింది. జనం మూగేసరికి నా చేతిలో జానెడు కత్తి ఉంది. ఆ తండ్రి నా రెండు చేతులూ పట్టుకుని, మీ దగ్గర కత్తి ఉండబట్టి నా పిల్ల బతికింది బాబూ అన్నాడు. నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు. ఎవరో ఫోటో తీశారు.

ఆ ఫోటో మా గ్రూపులోకి వచ్చింది. పొగడ్తలు మామూలుగా లేవు. ఎప్పుడూ ఏమీ కొయ్యనివాళ్లందరికీ ఏదో కోసినంత సంబరం. మర్నాడు భోజనాల దగ్గర మా ఆవిడ అవన్నీ తండ్రికి చదివి వినిపించింది. మామయ్య చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టారు.

"అవునమ్మా. గట్టిగానే లాగినాడు" అన్నారు.

ఆ సాయంత్రం చూసుకుంటే నా ఒరకి కింద పట్టీ లేదు. కోసేసి, అంచు మైనంతో రుద్ది, లోపల నూనెగుడ్డ పెట్టి ఉంచారు మామయ్య.

మొన్న సమాధి కార్యక్రమం అయ్యాక ఈ సంగతంతా మా ఆవిడకి చెప్పాను. "నాన్నకి చదివి వినిపించింది నేనే కదా" అంది. గ్రూపులో కూడా జరిగింది జరిగినట్టు రాసి, బయటికి వచ్చేశాను. అది ధైర్యమేం కాదు. చెప్పాల్సింది ఆయన బతికి ఉండగా.

ఆయన్ని నేను అడిగింది ఒక్కసారే. చున్నీ సంగతి జరిగిన తర్వాతి ఆదివారం నేను కొండకి వెళ్లలేదు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని ముందే చర్చికి వెళ్లిపోయింది. నేనూ ఆయనా వెనక నడుస్తున్నాం. నిజం ఎందుకు చెప్పలేదు మామయ్యా అన్నాను. ఆయన నడక ఆపలేదు.

"నా కూతురు నీతో బతకాల. నీ మీద సులకన నాకొక్కడికే ఉంటే సాలు."

అని పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్లిపోయారు. ఆయన ఎప్పుడూ అంతే. పక్కన నడవరు, ఎవరి కోసమూ ఆగరు. నేను తల దించుకుని వెనకబడ్డాను. రైలు గేటు దగ్గర తలెత్తి చూస్తే, గేటు తెరిచే ఉంది. పట్టాల మీద ఏ బండీ లేదు. జనం దాటిపోతున్నారు. ఇస్త్రీ తెల్లచొక్కాలో ఆయన ఒక్కరే పట్టాలకి ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని, వెనక్కి తిరక్కుండా నిలబడి ఉన్నారు. నేను దగ్గరికి చేరాక, "ఏటా నడక, అల్లుడు గారూ" అని మళ్లీ ముందుకి సాగిపోయారు.