దూకని బొమ్మ

మా అక్క పాత వీడియో గేములు బాగుచేస్తుంది. వీధిలో అందరికీ ఆమె ‘గేముల డాక్టరమ్మ’. షాపులో సగం ఆమె బల్లది, సగం నా కుట్టుమిషనుది. ఆ బల్లతో పాటు నాన్న నుంచి ఒక మొండి నియమం కూడా వచ్చింది ఆమెకు. బాగుచేసిన చెయ్యే చివరగా నొక్కి చూడాలి, అప్పుడే వస్తువు గడప దాటాలి.

నాన్న నుంచి ఇంకొకటి కూడా వస్తుందేమోనని నా భయం. ఆయన చెయ్యి బొటనవేలితో మొదలై చచ్చుబడిపోయింది. పట్టు జారినప్పుడల్లా స్క్రూడ్రైవర్ని తిట్టేవాడు. కొత్తవి కొనిపించుకునేవాడే తప్ప ఆస్పత్రి మొహం చూడలేదు. చివరికి మేమే లాక్కెళితే, “ముందే వచ్చుంటే ఆపేవాళ్లం కదమ్మా” అన్నాడు డాక్టరు.

మొన్న ఒక బస్సు కండక్టరు తన చిన్ననాటి గేము కంట్రోలరు తెచ్చాడు. తెరమీద బొమ్మ పరిగెడుతుంది గానీ, గొయ్యి వచ్చినప్పుడు బటన్ నొక్కితే దూకదు. అక్క దాన్ని విప్పి, లోపలి రబ్బరుకి పేరుకున్న జిడ్డుని స్పిరిట్‌తో తుడిచింది. బిగించి నొక్కింది. బొమ్మ గోతిలో పడింది. పక్క బటన్ రబ్బరు తీసి ఇక్కడ పెట్టింది. మళ్లీ గోతిలోనే.

అక్క తన బొటనవేలి వంక చూసుకుంది.

“పొద్దున గ్లాసు జారింది, చూశావుగా. ఏదీ, నువ్వు నొక్కు.”

“నాకు కుట్టుపని ఉంది.”

“నొక్కవే తల్లీ!”

నేను నొక్కితే దూకిందంటే, లోపం అక్క వేలిదే. కళ్లు మూసుకుని నొక్కి, తెరిచి చూశాను. దూకలేదు! పాడైన వస్తువుని చూసి గంతేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

“మొహం చూడు, లాటరీ తగిలినట్టు,” అని అక్కా నవ్వింది.

భూతద్దం పెట్టి వెతికితే, బటన్ కింద కరెంటు నడిచే రాగి గీత వెంట్రుకవాసి చిట్లి ఉంది. కుడి మణికట్టుని బల్లకు ఆనించి, సన్నటి తీగ వేసి అతికించింది. ఆ చెయ్యి వణకడం చూసీ చూడనట్టున్నాను. అయ్యాక నేనే నొక్కాను. బొమ్మ గొయ్యి దాటింది.

“నువ్వు చూశావుగా, ఇక కవర్లో పెట్టెయ్యి.”

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు. పోయిన భయం రెట్టింపై వచ్చింది. నా నోరు ఊరుకుంటుందా? “మరి నాన్న నియమం?” అనేశాను.

అక్క కంట్రోలరు అందుకుని కుడి బొటనవేలు బటన్ మీద పెట్టింది. బొమ్మ పరిగెత్తుకెళ్లి గోతిలో పడింది. పళ్లు బిగించి మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది.

నేను కంట్రోలరు కోసం చెయ్యి చాచాను. “రబ్బరు సరిగ్గా కూర్చోలేదేమో అక్కా, విప్పి చూద్దామా?”

అక్క కంట్రోలరుని మెల్లగా బల్ల మీద పెట్టింది.

“స్క్రూడ్రైవర్ని తిట్టకే. షట్టరు దించు, డాక్టరు దగ్గరికి వెళ్దాం.”